మన ఎండలో బే విండో: ముందుకు వచ్చే కిటికీని కట్టించుకునే పద్ధతి

కొత్తగా ఇల్లు మొదలుపెట్టినవారు ఈమధ్య ప్లానుతో పాటు ఫోనులో ఒక ఫోటో కూడా తెచ్చి చూపిస్తున్నారు. గోడలోంచి రెండడుగులు ముందుకు వచ్చి మూడు వైపులా అద్దాలున్న ఒక కిటికీ, లోపల పరుపు వేసిన గద్దె, గద్దె మీద తెరిచిన పుస్తకం, బయట మబ్బు పట్టిన ఆకాశం. గద్దెను అందరూ చూస్తారు కానీ ఆ మబ్బును ఎవరూ గమనించరు. చలిదేశాలలో ఈ కిటికీకి ఆదరణ దొరికింది, అప్పుడప్పుడు మాత్రమే కనిపించే ఎండను మూడు వైపుల నుంచీ గదిలోకి రప్పించుకోవడం కోసం. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ఎండకు కరువు లేదు. మే నెలలో 44 డిగ్రీలు దాటడం మనకు వింత కాదు. అందువల్ల ఆకారం అదే అయినా ఇక్కడ దానికి అప్పగించవలసిన పని వేరు. అక్కడ అది ఎండను పడుతుంది, ఇక్కడ అది నీడలో ఉండి గాలిని పట్టాలి.

ఈ పని మన దక్కనుకు కొత్త కాదు. బీజాపూర్‌లోని మెహతర్ మహల్‌లో చెక్కిన రాతి దూలాల మీద నిలిచి గోడ నుంచి ముందుకు వచ్చిన కిటికీలు ఇప్పటికీ చూడవచ్చు. జైపూర్‌లో 1799లో కట్టిన హవా మహల్ ముఖభాగమంతా ఇటువంటి ఝరోకాలే; అందులో 953 చిన్న కిటికీలు ఉన్నాయని లెక్క. అక్కడ పెద్ద అద్దపు పలకలు లేవు. చిన్న సందులు, జాలీలు (చిల్లులు చెక్కిన రాతి తెరలు), పైన నీడనిచ్చే కప్పు ఉన్నాయి. మన ఊళ్లలో వాకిలి పక్కన ఉండే అరుగును తలచుకున్నా ఇదే విషయం తెలుస్తుంది. చూరు నీడ పడని అరుగు మీద ఏప్రిల్ నెలలో ఎవరూ కూర్చోరు. బే విండో అంటే గోడకు అంటుకుని, తలుపు మూసుకోగల అరుగు అని భావించి ప్లాను గీయించుకుంటే సగం తప్పులు ముందే తొలగిపోతాయి.

రకాల విషయానికి వస్తే, పేర్లు అనేకం ఉన్నా మేస్త్రీతో మాట్లాడటానికి మూడు చాలు. మూడు వైపులూ గోడకు లంబంగా, పెట్టెలా వచ్చేది బాక్స్ విండో. పక్క భాగాలు ఏటవాలుగా వచ్చి ముందు భాగాన్ని కలిసేది మామూలుగా అందరూ బే విండో అనేది. నేలను తాకకుండా పై అంతస్తు నుంచి మాత్రమే వేలాడుతున్నట్లు వచ్చేది ఓరియల్. మన ఝరోకాకు దగ్గరిది అదే. విల్లులా గుండ్రంగా వంగేది కూడా ఒకటుంది కానీ, దానికి సెంట్రింగ్, చౌకట్లు, అద్దాలు అన్నీ ప్రత్యేకంగా చేయించుకోవాలి కనుక మన జిల్లా పట్టణాలలో దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ముందు దిక్కు, తరువాతే కొలత

మామూలు కిటికీ గోడలో ఉంటుంది, దాని మీద సజ్జ ఉంటుంది, ఆ సజ్జ నీడలో అది బతుకుతుంది. ముందుకు వచ్చిన కిటికీ ఆ నీడను దాటి బయటికి వస్తుంది. పైగా దానికి ఒక దిక్కు కాదు, మూడు దిక్కులుంటాయి. ఉత్తరం వైపు కట్టిన బే విండోకు ఏటవాలు పక్కలుంటే ఒక పక్క ఈశాన్యాన్ని, మరొక పక్క వాయవ్యాన్ని చూస్తుంది. ఉత్తరం చల్లని దిక్కు అని నమ్మి కట్టించుకున్నవారికి మే, జూన్ సాయంత్రాలలో గది ఎందుకు ఉడుకుతున్నదో అర్థం కాకపోవడానికి కారణం ఆ వాయవ్యపు పక్కే.

లెక్క చూడండి. నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మహబూబ్‌నగర్ కూడా అంతకు కొంచెం తక్కువ మీదే ఉంది. దాని ప్రకారం మే రెండవ వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. జూన్ చివరి వారంలో అస్తమించేటప్పుడు నేరు పడమటికి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా జరిగి అస్తమిస్తాడు. అంటే ఉత్తరపు గోడకు సాయంత్రపు ఎండ వాలుగా, రాసుకుంటూ పోతుంది కానీ, వాయవ్యాన్ని చూసే అద్దానికి మాత్రం ఇంచుమించు ఎదురుగా తగులుతుంది. అందువల్ల ఉత్తరం వైపు కట్టేటప్పుడు ఏటవాలు పక్కల కన్నా పెట్టె ఆకారం మేలు. అందులోనూ పడమటి పక్కను అద్దంతో కాక ఇటుకతోనో సన్నని కాంక్రీటు గోడతోనో మూసివేసి, ముందు భాగాన్ని, తూర్పు పక్కను తెరుచుకునేలా ఉంచాలి.

దక్షిణం వైపు పరిస్థితి మనం భయపడేంత చెడ్డది కాదు. మార్చి 21 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు కనుక నాలుగడుగుల ఎత్తున్న అద్దాన్ని అడుగుంబావు సజ్జ పూర్తిగా నీడలో ఉంచగలదు. డిసెంబరులో సూర్యుడు 50 డిగ్రీల దాకా కిందికి దిగుతాడు, ఎండ లోపలికి వస్తుంది, ఆ నెలలో అది హాయిగానే ఉంటుంది. తూర్పు వైపు ఉదయపు ఎండ పదిగంటల వరకు కొడుతుంది. దానికి సజ్జ పెద్దగా పనిచేయదు, వెదురు తెరో చెట్టో కావాలి. పడమర, నైరుతి మాత్రం వద్దు. ఆ వైపు సాయంత్రపు ఎండ ఎంత లోతైన సజ్జనైనా కిందనుంచి దూరి వస్తుంది, నైరుతి ఋతుపవనాల జల్లు కూడా ఎక్కువగా ఆ గోడకే కొడుతుంది. వాస్తు అడిగేవారు ఎలాగూ నైరుతి పెరగకూడదనే చెబుతారు. కారణాలు వేరైనా ఈ ఒక్క విషయంలో సిద్ధాంతికీ ఇంజనీరుకూ పేచీ రాదు.

గాలి సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. ఇరుకు వీధిలో గాలి గోడల వెంబడి జారిపోతుంది, గోడలో ఉన్న కిటికీలోకి మళ్లదు. ముందుకు వచ్చిన కిటికీకి పక్క తలుపు ఉంటే ఆ జారిపోయే గాలికి అది అడ్డం నిలిచి లోపలికి తిప్పుతుంది. కాబట్టి ముందు అద్దం కదలకుండా బిగించినా ఫరవాలేదు, పక్కది మాత్రం తప్పకుండా తెరుచుకోవాలి. గదికి ఎదుటివైపు మరొక కిటికీయో తలుపో లేకపోతే ఇదంతా వృథా. వచ్చిన గాలికి పోవడానికి దారి కావాలి.

కొలతలు

గోడలో ఎనిమిది అడుగుల వెడల్పున్న ఖాళీలో రెండడుగులు ముందుకు వచ్చే కిటికీని అనుకుందాం. పక్కలు గోడతో 45 డిగ్రీల కోణంలో వస్తే ఒక్కో పక్క రెండడుగుల వెడల్పును మింగుతుంది, ముందు భాగానికి నాలుగడుగులు మిగులుతుంది. ఏటవాలు అద్దం పొడవు రెండడుగుల పది అంగుళాలు. అదే కోణం 60 డిగ్రీలు చేస్తే ముందు భాగం సుమారు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు వస్తుంది. 30 డిగ్రీలు చేస్తే ముందు భాగం ఒక్క అడుగే మిగిలి, కిటికీ కాస్తా ముక్కులా తయారవుతుంది. ఆరడుగుల కన్నా తక్కువ వెడల్పు ఉన్న చోట ఏటవాలు పక్కలు పెట్టవద్దు, పెట్టె ఆకారమే పెట్టుకోండి.

గద్దె ఎత్తు నేల నుంచి పరుపుతో కలిపి 18 అంగుళాలు ఉంటే పెద్దవారికి కాళ్లు నేలకు ఆనుతాయి. కూర్చోవడానికి 18 నుంచి 20 అంగుళాల లోతు సరిపోతుంది. కాళ్లు చాచుకుని గోడకు ఆనుకోవాలంటే రెండడుగులు కావాలి. ఇందులో ఒక కిటుకు ఉంది. తొమ్మిది అంగుళాల గోడ మందాన్ని కూడా గద్దె లోతులో కలుపుకుంటే కిటికీ బయటికి అడుగున్నర వచ్చినా గద్దెకు రెండడుగుల పైనే దొరుకుతుంది. నేను అడుగున్నరకే ఒప్పించడానికి ప్రయత్నిస్తాను, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

బరువు ఎవరు మోస్తారు

రెండడుగుల కిటికీకి నీడ కావాలంటే దాని మీది కప్పు అంతకు మించి మరో అడుగున్నర ముందుకు రావాలి. అంటే గోడ నుంచి మూడున్నర అడుగుల కాంటిలివర్, అంటే ఒక చివరే ఆధారం ఉండి రెండో చివర గాలిలో ఉండే పలక అవుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాంటిలివర్‌కు పొడవుకూ లోపలి మందానికీ మూల నిష్పత్తి 7. మూడున్నర అడుగులకు ఆ లెక్కన ఆరంగుళాల లోపలి మందం (పలక అడుగు నుంచి పై సలాకల వరకు), దాని పైన కవరు, అంటే సలాకలను కప్పే కాంక్రీటు, కలుపుకోవాలి. ఇంజనీరు కమ్మి లెక్కలను బట్టి దీనిని కొంత సవరిస్తాడు. అడుగున్నర కిటికీ, అడుగుంబావు సజ్జ అయితే మొత్తం మూడడుగులలోపే ముగుస్తుంది. నీడను వదులుకుని ఖర్చు తగ్గించుకోవడం కన్నా కిటికీని అరడుగు లోపలికి లాక్కోవడం తెలివైన బేరం. పై అంతస్తులో బాల్కనీ ఉంటే దాని కిందనే ఈ కిటికీని పెట్టుకుంటే సజ్జ ఖర్చే ఉండదు.

ఇక అడుగు భాగం. ఎనిమిది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఐదంగుళాల మందం ఉన్న పలక ఒక్కటే 470 కిలోలు తూగుతుంది. చుట్టూ అడుగున్నర ఎత్తున నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పెడితే మరో 370 కిలోలు. పైకప్పు, చౌకట్లు, అద్దాలు కలిపితే మనుషులు కూర్చోకముందే టన్ను దాటిపోతుంది. అందులోనూ ముందు గోడ బరువు చివరన, అంటే పలకను ఎక్కువగా వంచే చోట పడుతుంది. ఇటుకకు బదులు తేలిక బ్లాకులు వాడితే ఈ చివరి బరువు సగానికి సగం తగ్గుతుంది.

ఈ బరువును నిలబెట్టడానికి మూడు దారులున్నాయి, మూడూ ఒకే విధంగా నమ్మదగినవి కావు. కింది అంతస్తులో అయితే పునాది నుంచే గోడను ముందుకు తెచ్చి, ప్లింత్ బీమును (పునాది పైన గోడల కింద పోసే దూలాన్ని) కూడా ఆ ఆకారంలో తిప్పడం అన్నిటికన్నా నిశ్చింతైన మార్గం. మన దగ్గర నల్లరేగడి ఉన్న చోట్ల ఆ పునాదిని ఇంటి పునాదికి తక్కువ లోతులో వేయకూడదు, వేస్తే వానకూ ఎండకూ ఆ ముక్క ఒక్కటే ఉబ్బి, కుంగి, ఇంటి గోడ నుంచి విడిపోతుంది. పై అంతస్తులో అయితే గది స్లాబునే బయటికి కొనసాగించాలి. లోపలి స్లాబు వెనక నుంచి పట్టి ఉంచుతుంది కనుక ఇది కూడా నమ్మదగినదే. ప్రమాదమంతా మూడవదానితో: గోడ కట్టిన తరువాత గద్దె ఎత్తులో, అంటే సిల్ దగ్గర, ఒక పలకను బయటికి పోయడం. అక్కడ వెనక స్లాబు ఉండదు. పలక బరువు తాను ఆనిన బీమును మెలితిప్పుతుంది. రెండు పక్కలా స్తంభాలలోకి వెళ్లే బీములు, ఆ మెలికకు తగిన రింగులు (బీము సలాకలను చుట్టి కట్టే కమ్మీలు) ఇంజనీరు రాసిస్తే తప్ప దీనిని చేయించవద్దు. ‘‘ఏం కాదు, ఎన్నో పోసినం’’ అన్న మాటకు ఇక్కడ విలువ ఇవ్వకండి.

సలాకల విషయంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే, కానీ అది ప్రాణం లాంటిది. మామూలు స్లాబుకు నడుమ ముఖ్యమైన సలాకలు అడుగున ఉంటాయి. కాంటిలివర్‌కు పైన ఉండాలి. బయటికి వచ్చిన పలక కిందికి వంగుతుంటే సాగేది దాని పైభాగం కనుక. ఆ పై సలాకలు బయటికి ఎంత వచ్చాయో లోపలి స్లాబులోకి కనీసం దానికి ఒకటిన్నర రెట్లు పోయేలా మన ఇంజనీర్లు వేయిస్తారు. కాంక్రీటు పోసే రోజున తట్టలు మోసేవారు వాటి మీదుగా నడుస్తారు, సలాకలు అడుగుకు అణిగిపోతాయి, సాయంత్రానికి పైన చూస్తే అంతా నున్నగా కనిపిస్తుంది. అలా అణిగిపోయిన ఒక సజ్జను పగలగొట్టిస్తుండగా నేను చూశాను. నాలుగంగుళాల మందంలో సలాక మూడంగుళాల లోతున ఉంది, ఉన్నా లేనట్టే. అందుకే సలాకలను పైకి ఎత్తి పట్టే కమ్మి కుర్చీలు కింద దగ్గర దగ్గరగా పెట్టించి, నడవడానికి పైన చెక్కలు వేయించి, పోసేంతసేపూ ఇంటివారిలో ఒకరు అక్కడే నిలబడాలి. దేశమంతటా ఆనకట్టలూ కాలువలూ కట్టిన పాలమూరు కూలీల చేతిపనికి వంక పెట్టడం నా ఉద్దేశం కాదు. చూపించనిదే ఎవరికీ తెలియని విషయమిది.

నీళ్ల గురించి ఒక అపోహ ఉంది. నల్లగొండ బోరునీటిలో ఫ్లోరైడ్ ఉంటుంది కనుక కాంక్రీటు పాడవుతుందని కొందరంటారు. ఫ్లోరైడ్ పళ్లకూ ఎముకలకూ చేటు. కాంక్రీటులోని ఇనుముకు ప్రధాన శత్రువు క్లోరైడ్. కమ్మి వేసే కాంక్రీటుకు వాడే నీటిలో అది లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ఐఎస్ 456 చెబుతుంది. నీరు ఉప్పగా ఉంటే పరీక్ష చేయించండి, లేదా ట్యాంకరు తెప్పించండి. మన వేడికి తడి కనీసం పది రోజులు, ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు పద్నాలుగు రోజులు ఆరకుండా పట్టాలి. గోనెలు తడిపి కప్పి ఉంచడం తేలిక. పలకను కింద మోసే జాకీలను మూడు వారాల లోపు, ఇంజనీరు చెప్పకముందు తీయించవద్దు. తీసేటప్పుడు కూడా బయటి అంచు నుంచి మొదలుపెట్టి గోడ వైపు రావాలి. గోడ దగ్గరివి ముందు తీస్తే పలక బయటి అంచు మీద ఆని నడుమ కిందికి వంగి, లెక్కలో లేని చోట పగులుతుంది.

మరొక మాట: పైకప్పు బరువును కిటికీ చౌకట్ల మీద ఆనించకూడదు. పై పలక కాలక్రమంలో కొన్ని మిల్లీమీటర్లు కిందికి వస్తుంది. చౌకట్టుకూ కప్పుకూ మధ్య పది మిల్లీమీటర్ల సందు వదిలి దానిని ఫోముతో, బయట సిలికానుతో నింపితే తలుపులు ఏనాటికీ బిగుసుకోవు.

వాన

కిటికీ మీది కప్పుకు బయటి వైపు వాలు ఉండాలి, రెండడుగులకు అరంగుళం చాలు. అంచు అడుగున, కొసకు అంగుళం లోపల ఒక గాడి తీయించాలి. నీటి చుక్క ఆ గాడి దాటలేక అక్కడే రాలిపోతుంది, లేకపోతే కప్పు అడుగున పాకుతూ చౌకట్టు మీదికి వస్తుంది. గాడి తీయడం అరగంట పని. గిలాబు (ప్లాస్టరింగ్) అయిపోయిన తరువాత గుర్తుకొస్తే మాత్రం అదే రెండు రోజుల పని అవుతుంది. ఇంటి గోడ, కిటికీ కప్పు కలిసే మూలన సిమెంటుతో గుండ్రని పట్టీ వేయించి, వాటర్‌ప్రూఫింగ్ పూతను గోడ మీదికి అరడుగు ఎక్కించాలి. కాంక్రీటూ ఇటుకా కలిసే ప్రతి గీత మీదా గిలాబుకు ముందు తీగ జాలి కొట్టించకపోతే మొదటి ఎండాకాలానికే వెంట్రుక పగులు కనిపిస్తుంది.

గద్దెకు తాండూరు బండ గానీ గ్రానైట్ గానీ వేయించుకోవచ్చు. అద్దం కింద బయటి సిల్ రాయిని బయటికి వాలుగా, లోపలి గద్దె కన్నా ముప్పావు అంగుళం కిందుగా పెట్టించండి. రంగులు వేయకముందే ఒక సాయంత్రం పైపుతో అరగంట సేపు అన్ని వైపులా నీళ్లు కొట్టించి లోపల చేయి పెట్టి తడిమి చూడండి.

అద్దం, గ్రిల్, కోతులు

గద్దె పిల్లలకు మెట్టవుతుంది, ఇది మరవకూడదు. 18 అంగుళాల గద్దె ఎక్కిన మూడేళ్ల పిల్లకు కిటికీ కింది అంచు కాళ్ల దగ్గరే ఉంటుంది. అందుకే పై అంతస్తులో గ్రిల్ తప్పనిసరి, కమ్మీల మధ్య సందు నాలుగు అంగుళాలకు మించకూడదు, అడ్డకమ్మీలు పెడితే అవే నిచ్చెన మెట్లవుతాయి కనుక నిలువు కమ్మీలే పెట్టించాలి. అద్దం టఫెన్డ్ రకం, ఐదు లేదా ఆరు మిల్లీమీటర్లది తీసుకోండి. పగిలినా కత్తుల్లా కాక పలుకులుగా రాలుతుంది. మన పల్లెలలో, ఇప్పుడు పట్టణాలలో కూడా, కోతుల బెడద తెలిసిందే. సజ్జ మీద కూర్చోవడానికి వాటికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు కనుక దోమతెర నైలానుది కాక స్టెయిన్‌లెస్ స్టీలుది వేయించుకోవడం మేలు.

అనుమతి, తీగలు

తెలంగాణలో భవనాలకు ఆధారంగా ఉన్న 2012 నాటి జీవో 168లో స్థలాన్ని, రోడ్డు వెడల్పును, ఎత్తును బట్టి వదలవలసిన ఖాళీ నిర్ణయించి ఉంది. ముందుకు వచ్చే గదిభాగాన్ని సజ్జగా చూపించి గట్టెక్కాలని చూడకండి. ఖాళీని గోడ నుంచి కాక కిటికీ బయటి ముఖం నుంచి కొలుచుకుని, ప్లానులో అలాగే గీయించండి. వీధి వైపు కరెంటు తీగలుంటే 11 కేవీ (11 వేల వోల్టులు) వరకు వాటికీ కట్టడానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు ఉండాలి. ఈ దూరాన్ని సజ్జ కొస నుంచి కొలవాలి. కొలిచేటప్పుడు తీగ దగ్గరికి టేపు తీసుకుపోవద్దు. నేల మీద తీగకు సరిగ్గా కింద గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి కొలవండి.

ఇల్లు ఇప్పటికే ఉంటే

కట్టిన ఇంట్లో గోడ కొట్టి కాంక్రీటు కిటికీని బయటికి తేవడం నేను ఎవరికీ చెప్పను. పాత లింటల్ (కిటికీ మీద గోడ బరువును మోసే అడ్డదూలం) ఆ వెడల్పుకు లెక్కగట్టింది కాదు, కొత్త సలాకలను వెనక్కి పట్టి ఉంచడానికి స్లాబు దొరకదు. అంత కోరిక ఉంటే ఇప్పుడున్న కిటికీ ఖాళీ వెడల్పులోనే, లింటల్‌ను తాకకుండా, ఇనుప చట్రంతో తేలికపాటి పెట్టె చేయించి, అడుగుకు మించకుండా, ఇంజనీరు చూసిన స్తంభాలకు బోల్టులతో బిగించుకోవచ్చు. పాలమూరు వైపు రాయీ మట్టితో కట్టిన పాత ఇళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి. వాటి గోడలే రెండడుగుల మందం ఉంటాయి. అటువంటి ఇల్లు ఉన్నవారు బయటికి ఒక్క అంగుళం కూడా రానక్కరలేదు. కిటికీని గోడ బయటి ముఖానికి జరిపి, లింటల్‌కు కింద ఉన్న గోడను గద్దె ఎత్తు వరకు మాత్రమే తగ్గించి, పైన ఒక తాండూరు బండ పరిస్తే, గోడ మందమంతా గద్దె అవుతుంది. ఆ గోడ మందమే దానికి ఎండ తగలనివ్వదు కూడా.